పీజీలో గలగలా.. మీటింగ్‌లో మౌనం: స్వభావం మారదా?

ప్రశ్న: నా వయసు 25. మాది అనంతపురం. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మారతహళ్లిలో పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టల్‌లో ఉంటాను. అక్కడ మనవాళ్లతో గలగలా మాట్లాడతాను. ఆఫీసు మీటింగ్‌లో మాత్రం నోరు పెగలదు. గుండెదడ, అరచేతుల్లో చెమట. ఏదో వంకతో తప్పించుకుంటున్నాను. చిన్నప్పటి నుంచీ ఇంట్లో నన్ను ‘మెతక పిల్ల’ అంటారు. ఇది పుట్టుకతో వచ్చిన స్వభావమా? మారదా?
- ఓ పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మారుతుంది. మౌనమే మీ స్వభావమైతే పీజీలోనూ అలాగే ఉండేవారు. మనిషికీ మనిషికీ స్వభావంలో కనిపించే తేడాల్లో దాదాపు సగం వంశపారంపర్యంగా వచ్చేవే. మిగతాది బతుకులో నేర్చుకున్నది. ఆలోచన, ప్రవర్తన, పరిసరాలు ఒకదాన్నొకటి మలుస్తుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా చెప్పారు. మీకు జరుగుతున్నదీ అదే. ‘తప్పు మాట్లాడితే నవ్వుతారు’ అనుకుని మ్యూట్‌లో ఉండిపోతారు. రానురాను మిమ్మల్ని అడగడమే మానేస్తారు. దాంతో ‘నా మాటకు విలువ లేదు’ అన్న ఆలోచన ఇంకా గట్టిపడుతుంది.

మీటింగ్ తప్పించుకోగానే ప్రాణం హాయిగా ఉంటుంది కదా, చిక్కంతా అక్కడే ఉంది. ఆ ఊరట కోసం మెదడు మళ్లీ మళ్లీ తప్పించుకోవడమే నేర్చుకుంటుంది. మాట్లాడితే నిజంగా ఏమవుతుందో దానికి ఎప్పటికీ తెలియదు.

‘నేను చేయగలను’ అన్న నమ్మకం అన్నిటికన్నా బలంగా కుదిరేది స్వయంగా చేసి నెగ్గినప్పుడే. కాబట్టి రోజూ జరిగే స్టాండప్‌తో, అంటే టీమ్‌లో అందరూ తమ పని గురించి క్లుప్తంగా చెప్పే చిన్న మీటింగ్‌తో మొదలుపెట్టండి. వీలైతే మొదటి ఇద్దరు ముగ్గురిలోనే మాట్లాడండి. వంతు కోసం ఎదురుచూసే కొద్దీ దడ పెరుగుతుంది. నిన్న చేసింది ఒక వాక్యం, ఇవాళ చేయబోయేది ఒక వాక్యం, అంతే. ముందు ఫోన్‌లో రాసుకోండి: ఏం జరుగుతుందని భయం, 10కి ఎంత? అయ్యాక నిజంగా జరిగింది దాని కిందే రాయండి. భయం 8 నుంచి 4కు దిగేదాకా అదే మెట్టు మీద ఉండండి. తర్వాత ఒక ప్రశ్న అడగడం, ఆపైన రెండు నిమిషాల అప్‌డేట్, చివర్లో డెమో, అంటే చేసిన పనిని అందరి ముందూ చూపించి వివరించడం. చాలామంది ఒకేసారి డెమోకు దూకి, బెదిరి వెనక్కి వస్తారు. ఇంకో పొరపాటు, మొత్తం రాసుకుని చదవడం. అప్పుడు ధైర్యం కాగితానిదే అనిపిస్తుంది. రెండు ముక్కలు గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇంగ్లిష్ గడగడా మాట్లాడేవారితో పోల్చుకోకండి. మధ్యలో తడబడినా ఆగకుండా చెప్పుకుపోయే సహోద్యోగిని గమనించండి. మనలాంటి వారిని చూసి నేర్చుకున్నదే మనకు బాగా పడుతుంది. ‘మెతక పిల్ల’ అనడం మానమని అమ్మానాన్నలకూ చెప్పండి. ప్రేమతో అన్నా, పదేపదే వింటే ఆ మాటే నిజమనిపిస్తుంది.

మీటింగ్‌కు ముందు కాఫీ వద్దు, దడ పెరుగుతుంది. 4 సెకన్లు గాలి పీల్చి, 6 సెకన్లు వదులుతూ ఐదు నిమిషాలు కూర్చోండి.

ఖాళీగా ఉన్నప్పుడూ దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం ఉంటే థైరాయిడ్ తేడా ఉందేమో తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించండి. భయం ఆరు నెలలు దాటి, ఉద్యోగానికి అడ్డుపడుతుంటే అది సోషల్ యాంగ్జైటీ (నలుగురిలో మాట్లాడాలన్నా, మెలగాలన్నా విపరీతంగా భయపడే సమస్య) కావచ్చు. హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో గానీ, దగ్గర్లోని సైకియాట్రిస్ట్‌కు గానీ చూపించుకోండి. సాధారణంగా వారానికొకటి చొప్పున 12 నుంచి 16 సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) సెషన్లు అవసరమవుతాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. స్నేహితులు ఇచ్చారని దడ తగ్గించే ప్రొప్రనలాల్ మాత్ర మాత్రం వేసుకోకండి. ఉబ్బసం ఉన్నవారికి అది ప్రమాదకరం.