కుర్రాళ్లకు కూత ఎప్పుడు ఇవ్వాలి?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. 12 ఏళ్లుగా మా ఊరి కబడ్డీ జట్టు బాధ్యత నేనే చూస్తున్నాను. జట్టులోని నలుగురు సీనియర్లకు 30 దాటాయి. ఊరికి కప్పులు తెచ్చింది వాళ్లే. ఇప్పుడు ఇంటర్, డిగ్రీ చదివే ముగ్గురు పిల్లలు బాగా ఆడుతున్నా, ప్రతి టోర్నమెంటులో బయటే కూర్చుంటున్నారు. కెనడాలో ఉన్న మా తమ్ముడి కొడుకు, అక్కడి ఐస్ హాకీ జట్లు సీనియర్లను తగ్గించి 18 ఏళ్ల వాళ్లను ఆడిస్తాయని చెబుతున్నాడు. సంక్రాంతి పోటీలకు సీనియర్లను ఆపమంటారా? వాళ్లు నొచ్చుకుంటారని నా భయం.
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: మీ తమ్ముడి కొడుకు చెప్పింది నిజమే గాని, ఆ ఆట నడిచే తీరు వేరు. ఐస్ హాకీలో గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురే మంచు మీద ఉంటారు. 20 నిమిషాల చొప్పున మూడు భాగాలుగా సాగే ఆటలో ఒక్కొక్కరు ఒక నిమిషం లోపే ఆడి బయటికి వస్తే, ఆట ఆగకుండానే వారి స్థానంలో మరొకరు దిగుతారు. అందువల్ల అక్కడి కోచ్ ఎవరినీ పూర్తిగా కూర్చోబెట్టకుండానే కుర్రాడికి 10 నిమిషాలు, సీనియర్‌కు 20 నిమిషాలు అని పంచగలడు. పైగా అక్కడి పెద్ద ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 18, 19 ఏళ్ల ఆటగాడు ఒక సీజన్‌లో 9 మ్యాచ్‌ల వరకు ఆడినా అతని తొలి కాంట్రాక్టులో ఆ ఏడాది లెక్కలోకి రాదు. ఆ లోపు పరీక్షించి, ఇంకా పాకానికి రాలేదనిపిస్తే తిరిగి జూనియర్ లీగ్‌కు పంపుతారు. అంటే వాళ్లు కూడా కుర్రాడిని గుడ్డిగా దింపడం లేదు.

కబడ్డీలో అంత వెసులుబాటు లేదు. 12 మందిలో ఏడుగురే కోర్టులో ఉంటారు, మార్పు చేయాలంటే టైమ్ అవుట్ గాని విరామం గాని రావాలి. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోండి. జూనియర్ బాలురకు బరువు పరిమితి 70 కిలోలైతే సీనియర్ పురుషులకు 85 కిలోలు. నిన్నటి దాకా తన ఈడు వాళ్లను పట్టిన పిల్లవాడు ఒక్కసారిగా కూతకు వచ్చిన అంత బరువున్న రైడర్ నడుముకు వేలాడవలసి వస్తే, ధైర్యం ఉన్నా పట్టు జారుతుంది. అతని చేయి పట్టుకుని చైన్ కట్టేవాడు, ఎప్పుడు దూకాలో ఎప్పుడు ఆగాలో తెలిసిన సీనియర్ అయితే ఆ బరువు ఇద్దరి మధ్య పంచుకోబడుతుంది. కాబట్టి నలుగురినీ ఆపవద్దు, ఇద్దరిని ఆపండి.

అంతకన్నా ముఖ్యం, పిల్లలను ఏ సమయంలో దింపుతున్నారన్నది. అచ్చంపేట వైపు జరిగిన ఒక పోటీలో నేను చూసిన దృశ్యం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. మోకాళ్లకు పట్టీలు బిగించుకుని, ప్రతి కూతకూ లేచి నిలబడిన ఒక కుర్రాడిని, జట్టు 18 పాయింట్లు వెనకబడ్డాక చివరి మూడు నిమిషాలకు దింపారు. రెండు కూతలకు వెళ్లాడు, రెండోసారి దొరికిపోయాడు. ‘చూశారా, వీడికింకా రాదు’ అని పక్కనున్న పెద్దమనిషి తేల్చేశాడు. ఓడిపోయాక మిగిలిన నిమిషాలు ఇచ్చి వాడి ఆటను తూచడం అన్యాయం. పిల్లలకు ఇవ్వవలసింది స్కోరు సమానంగా ఉన్నప్పటి కూత. రెండు కూతలు ఖాళీగా పోయి మూడోది తప్పక పాయింటు తేవలసిన కూత.

మన హాకీ జట్టునే చూడండి. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన 16 మందిలో ఐదుగురికి అవే తొలి ఒలింపిక్స్. బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్‌లో అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు పడి, 10 మందితోనే పోరాడి 1-1తో నిలిచారు. సమంగా ముగిసిన మ్యాచ్‌ను తేల్చే షూటౌట్‌లో 4-2తో గెలిచారు. ఆ నాలుగు గోల్స్‌లో రెండు సీనియర్లు హర్మన్‌ప్రీత్, లలిత్ చేస్తే, మిగతా రెండు తొలిసారి ఒలింపిక్స్ ఆడుతున్న సుఖ్‌జీత్, రాజ్‌కుమార్ పాల్ చేశారు. గెలిపించిన చివరి గోల్ రాజ్‌కుమార్‌ది. ఆఖరి టోర్నమెంటు ఆడుతున్న శ్రీజేష్ మన గోల్ కాశాడు. అంత గడ్డు ఘడియలో కొత్తవాళ్లను నమ్మారు, పాతవాళ్లను తీసేయలేదు.

మీ సీనియర్లు నొచ్చుకునేది కూర్చోబెట్టినందుకు కాదు, పదిమంది ముందు చెప్పకుండా కూర్చోబెట్టినందుకు. పండుగకు నెల ముందే వాళ్ల ఇళ్లకు వెళ్లి, ఏ మ్యాచ్‌లో ఎవరు ఆగుతారో విడివిడిగా చెప్పండి. ఆగిన రోజున కార్నర్‌లో, అంటే కోర్టు మూలన, ఆడే పిల్లవాడిని సిద్ధం చేసే పని ఆ ఆగిన సీనియర్‌కే అప్పగించండి. సంక్రాంతికి లీగ్ మ్యాచ్‌లలో ఒక పిల్లవాడిని మొదటి నిమిషం నుంచే దింపి, రెండు తప్పులు చేసినా విరామం దాకా తీయకండి. తప్పు చేయగానే బయటికి పిలిస్తే, ఆ తరువాత వాడి చూపు రైడర్ కాళ్ల మీద ఉండదు, మీ మీదే ఉంటుంది.