పాత కారు కొనే ముందు తనిఖీ చరిత్రను ఎలా తెలుసుకోవాలి?

హైదరాబాదులో పాత కారు కొనబోతూ దాని ఫిట్‌నెస్ చరిత్ర ఎక్కడ దొరుకుతుందని అడిగారు. సాధారణంగా సొంత కారుకు మొదటి 15 ఏళ్లలో రవాణా శాఖ ఫిట్‌నెస్ పరీక్ష ఉండదు. కాబట్టి అంతకన్నా కొత్త బండి విషయంలో షోరూం సర్వీసు రికార్డును, బీమా క్లెయిముల వివరాలను యజమాని చేతనే తెప్పించుకొని, ఒక్కో సర్వీసు నాటి కిలోమీటర్లను తేదీల వారీగా మీటరుతో పోల్చి చూడడం మేలు. పసుపు ప్లేటు నుంచి తెల్ల ప్లేటుకు మారిన బండి అయితే, ట్యాక్సీగా తిరిగిన కాలపు ఫిట్‌నెస్ పత్రాలు అడగండి. ఆర్‌సీలోని చాసిస్ నంబరును బండి మీది అంకెలతో సరిచూడండి. 2020 అక్టోబరు వరదల్లో నగరంలో చాలా కార్లు మునిగాయి గనుక, సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. లోపలి పట్టీ మీద బురద చార కనిపిస్తే, పైకి ఎంత తళతళలాడుతున్నా ఆ బండిని అనుమానించాల్సిందే.