పెంకు దించేసి రేకులు వేయించాలా? అమ్మగారి ఇంటి కప్పు లెక్క

ప్రశ్న: నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లె, సముద్రానికి ఏడెనిమిది కిలోమీటర్లు. తాతగారు కట్టించిన మంగళూరు పెంకుటిల్లు. ఇప్పుడు అమ్మ (70) ఒక్కతే ఉంటోంది. నేను హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగిని, వయసు 43. గత వానాకాలం రెండు గదులు కారాయి. వాసాలకు చెదలు పట్టింది, దూలాలు మాత్రం టేకువి, గట్టిగానే ఉన్నాయి. వాలుతో కలిపి కప్పు 1,200 చదరపు అడుగులు. కొత్త కలప, కొత్త పెంకులతో మళ్లీ నేయడానికి వడ్రంగి మేస్త్రి రూ.4.10 లక్షలు చెప్పాడు (కలప 1.90, పెంకులు 1,800కి 0.85, కూలి 1.35). ఇనుప ఫ్రేమ్ మీద కలర్ రేకులు వేసే ఆయన రూ.2.60 లక్షలంటున్నాడు (ఫ్రేమ్ 1.10, రేకులు 0.95, కూలీ మిగతావీ 0.55). జీఎస్టీ వేరట. పాత కలప, పెంకులు తనే పట్టుకుపోతాడట. నాకున్నది రూ.6 లక్షల ఎఫ్‌డీ ఒక్కటే. నెల ఖర్చు రూ.45 వేలు. ఎఫ్‌డీ కదపకుండా 14 శాతానికి పర్సనల్ లోన్ తీసుకుని రేకులు వేయించేద్దామని ఉంది. ఇల్లు ఇంకా నాన్నగారి పేరునే ఉంది, ఆయన లేరు. చెల్లి రాజమండ్రిలో ఉంటుంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నాకు ముందు కనిపించింది 2.60, 4.10 అంకెలు కావు. 'పాత కలప, పెంకులు తనే పట్టుకుపోతాడట' అన్న మాట. మీరు దాన్ని ఆయన చేసే ఉపకారంలా రాశారు. చెత్త ఎత్తిపోసే పని తప్పిందని సంతోషించినట్టున్నారు కూడా.

ఆ దూలాలు టేకువని మీరే అన్నారు. ఎన్నున్నాయో రాయలేదు కాబట్టి ఆరు అనుకుందాం. ఒక్కోటి 14 అడుగుల పొడవు, 8 అంగుళాల ఎత్తు, 5 అంగుళాల మందం ఉంటే ఒక్కో దూలం దాదాపు 3.9 ఘనపుటడుగులు, ఆరూ కలిపి 23 పైచిలుకు. పాత టేకు కాబట్టి ఎండి, కుదురుకుని ఉంటుంది. తలుపులు, మంచాలు చేసేవాళ్లు అలాంటిదే కావాలంటారు. ఘనపుటడుగు రెండు వేలకు పోయినా రూ.46 వేలు. మీ దగ్గర ధర ఎంతో టింబర్ డిపోలో అడిగితే పది నిమిషాల్లో తెలుస్తుంది. రేకులాయన కొటేషన్ చవగ్గా కనిపించడానికి ఇదొక కారణం. మీ సొమ్ములోంచే మీకు డిస్కౌంటు ఇస్తున్నాడు.

రెండోది జీఎస్టీ. స్టీలు మీద అది 18 శాతం. ఫ్రేమ్, రేకులు కలిపి 2.05 లక్షలు కాబట్టి పన్నే సుమారు రూ.37 వేలు. మట్టి పెంకుల మీద 5 శాతమే. అది మేస్త్రి చెప్పిన ధరలో కలిసి ఉందో లేదో అడగండి. కలవకపోయినా నాలుగు వేలు పైచిలుకే. అంటే 2.60 అన్నది సంతకం పెట్టేనాటికి 2.97 అవుతుంది.

మూడోది వేడి. ఉత్త రేకు కింద మే నెల మధ్యాహ్నం ఒక గంట కూర్చుని చూడండి. డెబ్బై ఏళ్ల మనిషిని అక్కడ ఉంచలేరు. వానాకాలం రేకు మీద పడే చినుకుల మోతకు ఫోన్‌లో మాట కూడా వినపడదు. కింద సీలింగ్ వేయించాల్సిందే. లోపల గదులు 900 చదరపు అడుగులనుకుని, అడుగు రూ.90 చొప్పున చూసినా రూ.80 వేలు దాటుతుంది. ఇప్పుడు 3.77 లక్షలయింది. పెంకుకూ దీనికీ తేడా రూ.33 వేలు. దూలాల సొమ్ము రూ.46 వేలు పక్కన పెట్టి చూస్తే ఆ తేడా కూడా తిరగబడింది.

ఇక మీరు నేరుగా అడగనిది, అసలు లెక్కంతా ఆధారపడేది, ఆ కప్పు ఎన్నేళ్లు నిలవాలన్నది. మట్టి పెంకుకు తుప్పు లేదు. మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు 1865లో మొదటి పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఆ కాలపు పెంకులు నేటికీ కొన్ని ఇళ్ల మీద ఉన్నాయి. పెంకుటింట్లో ముందు పాడయ్యేది పెంకు కింద ఉన్న కలప. మీ ఇంట్లో జరిగిందీ అదే. రేకు సంగతి వేరు. పైపూత ఉన్నంతకాలమే దానికి ఆయుష్షు. ఉప్పు గాలి తగిలే చోట స్క్రూ కొట్టిన రంధ్రాల దగ్గర, కోసిన అంచుల దగ్గర ముందు తినేస్తుంది. వారంటీ కాగితం చదవకుండా సంతకం పెట్టకండి. సముద్రానికి ఇంత దూరం లోపల వర్తించదన్న షరతు చాలా కాగితాల్లో ఉంటుంది. రేకు 18 ఏళ్లకు మార్చాల్సి వచ్చిందనుకుందాం. ఇవాళ్టి 95 వేల సరుకు ఏటా 5 శాతం పెరిగితే అప్పటికి రూ.2.29 లక్షలు. 6 శాతం మిగిలే చోట ఆ సొమ్ము కోసం ఇప్పుడే పక్కన పెట్టాలంటే సుమారు రూ.80 వేలు కావాలి. ఇది ఏ కొటేషన్‌లోనూ ఉండదు.

అలాగని పెంకు ఊరికే ఉంటుందని కాదు. మా అమ్మమ్మగారింట్లో ఏటా తొలకరికి ముందు ఒకాయన వచ్చి పెంకులు సర్దేవాడు. మధ్యాహ్నం భోజనం, కొంత కూలి, అంతే. ఇప్పుడు పెంకు మీద అడుగు ఎక్కడ వేయాలో తెలిసిన మనిషి దొరకడమే గగనం. తెలియనివాడు ఎక్కితే నాలుగు సర్ది పది పగలగొట్టి దిగుతాడు. మీవైపు కొబ్బరికాయలు పడటం సరే సరి. ఏటా ఐదు వేల చొప్పున రాసుకోండి. ధరలు పెరిగేదాన్ని, వడ్డీ వచ్చేదాన్ని కలిపి చూస్తే 18 ఏళ్లకు ఇదీ ఇవాళ్టి విలువలో రూ.80 వేల చుట్టూ తేలుతుంది. అంటే రేకుల మార్పిడికి, పెంకుల సర్దుడుకు చెల్లుకు చెల్లు.

అయితే మీకు నేను ఈ రెండూ చెప్పను. మీ కొటేషన్లు రెండిట్లోనూ లేనిది ఒకటుంది. జీఐ పైపుల (జింకు పూత వేసిన ఇనుప పైపుల) ఫ్రేమ్ మీద మీ పాత పెంకులే మళ్లీ నేయించడం. చెదలు పట్టేది కలపకు కాబట్టి దాన్ని తీసేస్తాం. పెంకు మళ్లీ వాడుకోవచ్చు కాబట్టి దాన్ని ఉంచుతాం. దించేటప్పుడు, పగుళ్లు చూసి తీసేసేటప్పుడు మూడో వంతు పోయిందనుకున్నా, కొత్తవి 600 కొంటే చాలు. మేస్త్రి లెక్కన పెంకు రూ.47 పడుతోంది కాబట్టి రూ.28 వేలు. (చదరపు మీటరుకు దాదాపు 15 పెంకులు పడతాయి. మీ కప్పుకు 1,670. అదనానికి కొన్ని కలిపి ఆయన 1,800 అన్నాడంటే మనిషి నిజాయతీపరుడే.)

ఫ్రేమ్ మాత్రం రేకులకు చెప్పిన 1.10 లక్షలకు రాదు. రేకు చదరపు మీటరుకు నాలుగు కిలోలుంటే పెంకు కప్పు 35 కిలోలకు పైనే, వానలో తడిస్తే ఇంకా ఎక్కువ. రీపర్లు (పెంకులు ఆనే అడ్డపట్టీలు) కూడా దాదాపు అడుగుకొకటి పడాలి. పన్నుతో కలిపి 1.55 లక్షలు వేసుకోండి. కూలి 90 వేలు. మొత్తం రూ.2.73 లక్షలు, తేడాలకు పదో వంతు కలిపితే రూ.3 లక్షలు. దూలాల సొమ్ము ఇందులో తగ్గించలేదు. ఇవి మీ కొటేషన్ల ధరలతో నేను వేసిన అంచనాలే. ఇద్దరు ఫాబ్రికేషన్ వాళ్లతో రాయించుకుని సరిచూసుకోండి. వెల్డింగ్ చేసిన ప్రతి అతుకు దగ్గరా పైపు మీది జింకు కాలిపోతుంది. అక్కడ జింక్ పెయింట్ పూయాలని కొటేషన్‌లోనే రాయించండి. మీ ఉప్పు గాలికి పైపూ అతీతం కాదు.

గోడల సంగతి కూడా ఉంది. పాత ఇల్లు కాబట్టి సున్నంతోనో మట్టితోనో కట్టి ఉంటారు. ఆ గోడలు ఇన్నాళ్లూ పెంకు బరువు మోస్తూనే ఉన్నాయి, కొత్త భారమేమీ పడదు. రేకుల కప్పుకు భయం బరువు కాదు, గాలి పైకి లేపడం. మీ తీరం గంటకు 180 కిలోమీటర్ల గాలిని లెక్కలోకి తీసుకుని కట్టాల్సిన ప్రాంతం. అంత గాలిలో రేకు నిలవాలంటే ఫ్రేమ్‌ను గోడలోకి బోల్టులతో దింపాలి. మట్టి అతుకు గోడలో బోల్టు పట్టు నిలుస్తుందా? 1996 నవంబరు తుపాను కోనసీమ వాళ్లకు నేను గుర్తుచేయక్కర్లేదు. పెంకైతే పది లేస్తాయి, పది పగులుతాయి, మర్నాడు వేసుకుంటాం. రేకు లేస్తే పూర్తిగా లేచి పక్కింటి మీద పడుతుంది. పెంకు నేసేటప్పుడు చూరు వరసలు తీగతో కట్టించండి, కొప్పు పెంకుల్ని సిమెంటుతో పట్టించండి. పెంకు కింద తీగకోసం రంధ్రం ఉండేది అందుకే. ఫ్రేమ్ గోడకు ఎలా పట్టి ఉంటుందో మాత్రం ఇంజినీరుకు చూపించాల్సిందే.

రేకులే నయమనే సందర్భాలూ లేకపోలేదు. మీ ఊళ్లో కోతుల బెడద ఉంటే నేను చెప్పినదంతా మర్చిపోయి రేకులకే వెళ్లండి. కోతులున్న చోట పెంకుల లెక్క ఏటా ఐదు వేలతో ఆగదు, అమ్మగారు కొడుకు ఫోన్ కోసం కాకుండా కోతుల కోసం కాపలా కాయాల్సి వస్తుంది. అలాగే పదేళ్ల తరవాత ఈ ఇల్లు పడగొట్టి డాబా వేస్తామన్న ఆలోచన గట్టిగా ఉంటే వందేళ్ల కప్పు అక్కర్లేదు. అప్పుడు రేకు మందం అడిగేటప్పుడు జాగ్రత్త. '0.50 మి.మీ.' అంటే రంగుతో కలిపా, ఉత్త ఇనుమా అని అడగండి. రంగుతో కలిపితే టీసీటీ, ఉత్త ఇనుమైతే బీఎంటీ. బిల్లులో ఏది రాస్తారో అదే మీకు సాక్ష్యం.

'రేకులైతే సోలార్ పెట్టుకోవచ్చు, కేంద్రం సబ్సిడీ ఇస్తుంది' అని కూడా ఎవరో ఒకరు అంటారు. నిజమే. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు రూ.78 వేలు ఇస్తారు, రేకు మీద ప్యానెళ్లు బిగించడమూ తేలికే. కానీ ఒక ఫ్యాను, ఒక ఫ్రిజ్, ఒక టీవీ ఉన్న అమ్మగారి కరెంటు బిల్లు ఎంతని!

ఇక డబ్బు. పర్సనల్ లోన్ వద్దు. 14 శాతానికి 4 లక్షలు మూడేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు రూ.13,670, మొత్తం వడ్డీ రూ.92 వేలు. అటు ఎఫ్‌డీ మీద 7 శాతం వస్తోందనుకున్నా, పన్ను పోగా మిగిలేది అంతకన్నా తక్కువ. ఏడు తెచ్చుకుంటూ పద్నాలుగు కట్టడమన్నమాట. ఎఫ్‌డీ కదపకూడదన్న మీ సెంటిమెంటు నాకు అర్థమవుతుంది, అది ఒక్కటే ఉందన్నారు కాబట్టి. ఆరు నెలల ఖర్చు రూ.2.70 లక్షలు అలాగే ఉంచేయండి. మిగతా 3.30లోంచి కప్పు పని అయిపోతుంది. బ్యాంకు ఎఫ్‌డీలో కొంత భాగమే తీసుకోనిస్తుందేమో అడగండి. లేకపోతే మొత్తం విరిచి, మిగిలినదాన్ని రెండు ఎఫ్‌డీలుగా వేసుకోండి. ఇకముందు ఈ ఇబ్బంది రాదు. నెలనెలా ఆ 13 వేలు కట్టగలననుకున్నారు కదా, అందులో పది వేలు ఆర్‌డీ కడితే మూడేళ్లు తిరక్కుండానే ఎఫ్‌డీ మళ్లీ ఆరుకు వస్తుంది. మరమ్మతుల రుణం వడ్డీకి పన్ను మినహాయింపు ఉందని విని ఉంటారు. పాత పన్ను విధానంలో ఏడాదికి గరిష్ఠంగా రూ.30 వేలు, అదీ ఇంటి యజమానికే. కొత్త విధానంలో సొంతానికి వాడుకునే ఇంటికి అదీ లేదు.

యజమాని అన్నాను కదా, అక్కడ ఆగాలి. నాన్నగారు వీలునామా రాయకుండా పోయుంటే, అది ఆయన ఆస్తే అయితే అమ్మగారు, మీరు, చెల్లెమ్మ ముగ్గురూ సమాన వాటాదారులు. తాతగారి నుంచి వచ్చినది కాబట్టి నాన్నగారికి అది ఎలా సంక్రమించిందో, వేరే వాటాదారులున్నారేమో ఒకసారి లాయరుకు కాగితాలు చూపించండి. మీ సొమ్ము మూడు లక్షలు ఉమ్మడి ఇంటి మీద పెడుతున్నారు. అమ్మ కోసం పెడుతున్నారు, మంచిదే. కానీ రేపు ఇల్లు అమ్మేటప్పుడు 'కప్పు నేను వేయించాను' అని మీరు అనడం, 'నన్ను అడిగావా' అని చెల్లి అనడం, ఇలాంటివి నా టేబుల్ ముందు చాలా చూశాను. పని మొదలుపెట్టే ముందే ఆమెకు ఫోన్ చేసి ఖర్చు ఎంతో, మీరు తిరిగి ఆశిస్తున్నారో లేదో చెప్పేయండి. వాట్సాప్‌లో ఓ మెసేజ్ కూడా పెట్టండి. దూలాలు అమ్మే ముందు మరీ ముఖ్యం, తాతగారి దూలాల్లో ఒకటి చెల్లెమ్మకు ఉయ్యాల బల్లకు కావాలనిపించొచ్చు.

పని పూర్తయ్యాక ఇంటికి బీమా చేయించండి. 'భారత్ గృహ రక్ష' అని 2021 ఏప్రిల్ నుంచి కంపెనీలన్నీ ఒకే నిబంధనలతో ఇస్తున్న పాలసీ ఉంది. తుపాను, వరద, అగ్నిప్రమాదం అందులో ఉంటాయి. పెంకుటిల్లు కదా ఇవ్వరేమో అనుకోకండి. గడ్డి, తాటాకు, వెదురు, టార్పాలిన్ లాంటి కప్పులనే అది కచ్చా ఇళ్లుగా లెక్కేస్తుంది. పాతబడి కారితే మాత్రం పైసా రాదు, గాలివానకు పోతేనే.

పని ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య పెట్టుకోండి. సామాను దిగాక మూడో వంతు, ఫ్రేమ్ నిలిచాక మూడో వంతు, పెంకు నేసి ఒకసారి పైపుతో నీళ్లు కొట్టి చూశాక మిగతాది ఇవ్వండి. ముందే సగం ఇచ్చేస్తే మేస్త్రి ఇంకో పెళ్లివారింటి పందిరికి వెళ్లిపోతాడు. కప్పు విప్పిన పదిహేను, ఇరవై రోజులు అమ్మగారు ఎక్కడుంటారో మీ ఉత్తరంలో లేదు. మీ దగ్గరికి రమ్మంటే 'ఇంట్లో పని జరుగుతుంటే నేనెలా వస్తానురా' అంటారు. పక్క వాటాలో గది ఒకటి నెలకు అద్దెకు తీసుకుని, బీరువా, దేవుడి పటాలు ముందు అక్కడికి చేర్పించండి. ఆ అద్దె, సామాను మోసిన కూలి దూలాలమ్మిన సొమ్ములోంచి ఇవ్వొచ్చు.