జై ఆంధ్ర రోజుల్లో మా కిరాణా బాకీ

‘కొత్తగా ఏర్పడ్డ దేశంలో ఒక ప్రాంతం వాళ్ళు విడిపోతామని బెదిరిస్తే అది దేశద్రోహం కాదా?’ అని ఒకరు అడిగారు. కాదండీ. మాది గుంటూరు. వేరే ఆంధ్ర రాష్ట్రం కావాలన్న జై ఆంధ్ర ఉద్యమంలో, విడిపోతామని గోడల మీద రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మేం విడిపోతామన్నది రాష్ట్రం నుంచి, దేశం నుంచి కాదు.

తెలంగాణలో సర్కారు ఉద్యోగాలు అక్కడి స్థానికులకే అనే నిజాం కాలం నాటి ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. రాజధాని హైదరాబాదులో మన పిల్లలకి ఉద్యోగాలు రావని ఇక్కడ భగ్గుమన్నారు. మూడేళ్ళ ముందు తెలంగాణ వాళ్ళు వేరు కుంపటి అడిగితే తప్పన్నవాళ్ళం, మా వంతు వచ్చేసరికి మేమూ అదే అడిగాం.

నేనప్పుడు ఆరో తరగతి. బడి మూతపడింది, నాకు పండగే. బ్రాడీపేటలో ఎదురింటి గోడ మీద బొగ్గుతో ‘జై ఆంద్ర’ అని రాస్తుంటే నాన్న వచ్చారు. ఆయన గవర్నమెంటు గుమాస్తా, సమ్మెలో ఉన్నారు. ఇవాళ వీపు విమానం మోతే అనుకున్నా. ఆయన బొగ్గు లాక్కుని, ‘ఒత్తేదిరా? రాష్ట్రం సంగతి తర్వాత, ముందు దాని పేరు సరిగ్గా రాయి’ అని తనే దిద్దారు. ఆ గోడ ఇంటాయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు, ఒక్క మాట అనలేదు.

జీతాలు ఆగిపోయాయి. ఆ సంక్రాంతికి మా ఇంట్లో అరిసెలు లేవు. కొట్టాయన మాత్రం అట్ట ఊడిన పద్దు పుస్తకంలో కందిపప్పు, నూనె, చింతపండు రాసుకుంటూ పోయాడు. అమ్మ మొహమాటపడితే, ‘రాష్ట్రం వచ్చాక ఇద్దురుగాని లేమ్మా’ అనేవాడు.

రాష్ట్రం రాలేదు. 1973 జనవరిలో ముఖ్యమంత్రి పీవీ నరసింహారావు గారు దిగిపోయారు, రాష్ట్రపతి పాలన పెట్టారు. సెప్టెంబరులో రాజీ కోసం ఆరు సూత్రాల పథకం, దాని వెనకే ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికులకి వాటా ఇచ్చేలా రాజ్యాంగంలో 371డి అధికరణ. ఉద్యోగాల నోటిఫికేషన్లలో లోకల్, నాన్‌లోకల్ అని పిల్లలు తల పట్టుకునేది దాని చలవే. మావాడి స్టడీ సర్టిఫికెట్ల కోసం నేను తిరిగిన తిరుగుడికి రెండు జతల చెప్పులు అరిగాయి. అదొక ప్రత్యేక ఉద్యమం.

దేశం నుంచే పోతామన్నవాళ్ళూ లేకపోలేదు. దక్షిణాదినంతా కలిపి వేరే దేశం చేయాలన్న తమిళ పార్టీ డీఎంకే వాళ్ళ ద్రావిడనాడు అలాంటిదే. అందులో మమ్మల్నీ కలుపుకున్నారు, మమ్మల్ని అడిగిందెవరు? 1963లో 16వ సవరణ తెచ్చి, ఎన్నికల్లో నిలబడేవాళ్ళు దేశ సమగ్రతకు కట్టుబడతామని ప్రమాణం చేయాలన్నారు. ఆ ఏడే వాళ్ళు ఆ కోరిక వదిలేశారు. ఆ చట్టమే వాళ్ళని దారికి తెచ్చిందంటారు. చట్టం ఒక్కటే అంటే నేను నమ్మను. ఓట్లతోనే కుర్చీ దక్కే దారి కనిపిస్తే ఇక ఆ ఊసెందుకుంటుంది? 1967లో వాళ్ళ నాయకుడు అన్నాదురై గారికి ముఖ్యమంత్రి కుర్చీ దక్కనే దక్కింది.

తమాషా చూడండి. 2013లో మళ్ళీ ఎన్జీవోల, అంటే నాన్నలాంటి గవర్నమెంటు ఉద్యోగుల సమ్మె. ఈసారి కలిసే ఉంటామని! 1972లో జై ఆంధ్ర అన్న మా వీధి పెద్దలే సమైక్యాంధ్ర బ్యానరు పట్టుకున్నారు. తెలంగాణ వేరే రాష్ట్రమైన 2014 జూన్ 2న నాన్న టీవీ ముందు చాలాసేపు కూర్చున్నారు. అప్పటికి ఎనభై దాటాయి. చివరికి అమ్మ వైపు తిరిగి, ‘ఇదేదో అప్పుడే ఇచ్చి ఉంటే కొట్టాయన బాకీ ఏడాదిన్నర తీర్చే పని తప్పేదిగా’ అన్నారు.