టెక్ సందేహాలు: టేబుల్ పేజీ దాటితే...

ఈ మధ్య వస్తున్న ప్రశ్నల్లో ఒకే గొడవ పదే పదే కనిపిస్తోంది. ఒక పేజీలో బుద్ధిగా ఉన్న టేబుల్ రెండో పేజీలోకి వెళ్లగానే మొండికేస్తోందని. అందుకే ఈసారి ఫోన్లు, బ్యాటరీలు పక్కన పెట్టి టేబుళ్ల సంగతే చూద్దాం.

ప్రశ్న: మా ఊరి గుడి జీర్ణోద్ధరణకు చందాలిచ్చిన దాతల జాబితా వర్డ్‌లో చేస్తున్నాను. ఇరవై పేజీలు దాటింది. క్రమ సంఖ్య, పేరు, గోత్రం, ఊరు, మొత్తం అనే హెడింగ్ ప్రతి పేజీ పైనా ఉండాలని కాపీ చేసి పెట్టాను. మధ్యలో ఒక్క పేరు చేరిస్తే చాలు, హెడింగులన్నీ పేజీ మధ్యలోకి జారిపోతున్నాయి. మళ్లీ మొదటి నుంచి సర్దుకోవాలి. వేరే దారి ఉందా? (తణుకు నుంచి ఓ పాఠకుడు)

ఉంది, అదీ ఒక్క క్లిక్కుతో. కానీ ముందు మీరు పెట్టిన కాపీలన్నీ తీసేయాలి. ఇరవై పేజీలూ వెతుక్కుంటూ పోనక్కర్లేదు. ఫైలుకు ఇంకో కాపీ దాచుకుని, టేబుల్‌ను పేరు కాలమ్ ప్రకారం సార్ట్ చేయండి. ‘పేరు’ అన్న వరుసలన్నీ ఒకేచోటికి వచ్చి చేరతాయి. వాటిని ఒకేసారి సెలెక్ట్ చేసి తీసేసి, మళ్లీ క్రమ సంఖ్య ప్రకారం సార్ట్ చేస్తే పాత క్రమం తిరిగొస్తుంది. క్రమ సంఖ్యలు మీరు చేత్తో టైప్ చేసినవైతేనే ఈ చిట్కా. వర్డ్ వేసిన ఆటోమేటిక్ నంబర్లయితే సార్ట్ చేయగానే అవీ మారిపోతాయి, పాత క్రమం దొరకదు.

ఇప్పుడు అసలు పని. మొట్టమొదటి వరుసలో కర్సర్ పెట్టి, ‘టేబుల్ లేఅవుట్’ ట్యాబ్‌లో కుడి చివర ‘రిపీట్ హెడర్ రోస్’ నొక్కండి. పాత వర్డ్‌లో ఈ ట్యాబ్ పేరు ఉత్త ‘లేఅవుట్’ అనే ఉంటుంది. పేజీ మార్జిన్లు మార్చే లేఅవుట్ వేరు, ఇది వేరు. టేబుల్‌లో కర్సర్ ఉన్నప్పుడే ఇది కనిపిస్తుంది. హెడింగ్ రెండు వరుసల్లో ఉంటే రెండూ సెలెక్ట్ చేయండి. సెలెక్షన్‌లో మొదటి వరుస తప్పకుండా ఉండాలి. లేకపోతే ఆ బటన్ పనిచేయదు.

ఇక మీరు ఎన్ని పేర్లు చేర్చినా, తీసినా హెడింగ్ దానంతటదే పేజీ పైకి వస్తుంది. రెండో పేజీ నుంచి కనిపించేవి మొదటి హెడింగ్‌కు నీడలే కాబట్టి వాటిని ముట్టుకోలేరు. ‘గోత్రం’లో అచ్చుతప్పు ఉంటే మొదటి పేజీలో దిద్దితే అన్నిచోట్లా దిద్దుకుంటుంది.

నొక్కినా రాలేదని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎక్కువ సందర్భాల్లో కారణం కంట్రోల్-ఎంటర్. పేజీ చివర కొచ్చాం కదా అని టేబుల్ మధ్యలో కంట్రోల్-ఎంటర్ కొడితే టేబుల్ అక్కడ తెగిపోతుంది. చూడటానికి ఒకటే, కానీ వర్డ్ లెక్కలో కింది ముక్క కొత్త టేబుల్. దానికి హెడింగ్ ఏదో ఎవరూ చెప్పలేదు కాబట్టి వర్డ్ వేయదు. కంట్రోల్-షిఫ్ట్-8 నొక్కితే దాగిన గుర్తులన్నీ బయటపడతాయి. టేబుల్ మధ్యలో పేజ్ బ్రేక్ గీత, ఖాళీ పేరా గుర్తు కనిపిస్తే వాటిని డిలీట్ చేయండి. రెండు ముక్కలూ అతుక్కుంటాయి.

రెండో కారణం, టేబుల్ మూలన ఉండే నాలుగు బాణాల గుర్తును పట్టుకుని మౌస్‌తో లాగడం. అలా లాగిన టేబుల్‌ను వర్డ్ బొమ్మలాగా తేలే వస్తువుగా చూస్తుంది. ‘టేబుల్ ప్రాపర్టీస్’ తెరిచి ‘టెక్స్ట్ ర్యాపింగ్’ దగ్గర ‘ఎరౌండ్’ ఉంటే ‘నన్’కు మార్చండి.

ఒక్కో ఊరి దాతలూ కొత్త పేజీలో మొదలవ్వాలని మీ కమిటీ అడిగినా కంట్రోల్-ఎంటర్ జోలికి పోవద్దు. ఆ ఊరి మొదటి వరుసలో కర్సర్ పెట్టి, ‘పేరాగ్రాఫ్’ బాక్సులో ‘లైన్ అండ్ పేజ్ బ్రేక్స్’కు వెళ్లి ‘పేజ్ బ్రేక్ బిఫోర్’ టిక్ చేయండి. టేబుల్ తెగదు, హెడింగ్ పోదు. పేజీ ఎక్కడ మారాలో చేత్తో నిర్ణయించడం టైప్‌రైటర్ నాటి అలవాటు. వర్డ్‌లో నియమం వరుసకు చెప్పాలి, పేజీలు అది చూసుకుంటుంది.

రెండో పేజీ నుంచి ‘కొనసాగింపు’ అని కూడా వేయాలని కొందరికి సరదా. వర్డ్‌లో దానికి సూటిగా సదుపాయం లేదు. హెడింగ్ వరుసలోనే ‘కొనసాగింపు’ అని రాసి, మొదటి పేజీలో మాత్రం దాని మీద తెల్ల బాక్సు కప్పే చిట్కా ఒకటుంది. పనిచేస్తుంది కానీ, రేపు ఆ ఫైలు ఇంకొకరి చేతికి వెళ్తే ఆ తెల్ల బాక్సు ఏమిటో తెలియక తల పట్టుకుంటారు. నేనైతే వద్దంటాను.

ప్రశ్న: పూర్వ విద్యార్థుల చిరునామాల పుస్తకం చేస్తున్నాం. ఒకరి చిరునామా సగం ఈ పేజీ అడుగున, మిగతా సగం పక్క పేజీలో పడుతోంది. (కరీంనగర్ పాఠకురాలు)

టేబుల్ మొత్తం సెలెక్ట్ చేసి, ‘టేబుల్ ప్రాపర్టీస్’లో ‘రో’ ట్యాబ్ తెరవండి. ‘అలౌ రో టు బ్రేక్ అక్రాస్ పేజెస్’ ముందున్న టిక్ తీసేయండి. చోటు చాలకపోతే వరుస మొత్తం పక్క పేజీకి వెళ్తుంది.

దీనికి వెనక ఒక చిక్కుంది, ముందే చెప్తున్నా. వరుసలు పొట్టిగా ఉన్నప్పుడే ఇది అందం. ఒక్కో వరుసలో ఫొటో, ఉద్యోగం, జ్ఞాపకాలు అంటూ అర పేజీ పట్టే సమాచారం ఉంటే పేజీ అడుగున బారెడు ఖాళీలు వస్తాయి. ‘మా టేబుల్ పేజీలో సగం ఖాళీ వదిలి ఎందుకు దూకుతోంది’ అని అడిగేవాళ్లందరికీ సాధారణంగా జవాబు ఇదే. వాళ్లు ఆ టిక్ మళ్లీ పెట్టుకోవాలి.

టిక్ పెట్టినా ఖాళీ పోకపోతే, పేరాగ్రాఫ్ బాక్సులో ‘కీప్ విత్ నెక్స్ట్’ ఎక్కడైనా వెలిగి ఉందేమో చూడండి. ప్రతి వరుసకూ అది ఉంటే అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు. ఎనిమిది, పది వరుసల చిన్న టేబుల్ ముక్కలు కాకుండా ఒకే పేజీలో ఉండాలంటే మాత్రం అదే మంచి ఉపాయం. చివరి వరుస మినహా అన్నిటికీ ‘కీప్ విత్ నెక్స్ట్’ పెట్టేయండి.

ప్రశ్న: టేబుల్‌లో తెలుగు టైప్ చేస్తే వత్తులు కింద తెగిపోతున్నాయి. ప్రింట్‌లోనూ అంతే. ఫాంట్ పాడైందా? (అనంతపురం నుంచి ఓ టీచర్)

ఫాంట్‌కు ఏమీ కాలేదు. ఇంగ్లిష్ కోసం కొలిచిన వరుసలో తెలుగు ఇరికిస్తున్నారు. మనకు అక్షరం కింద వత్తు, పైన గుడి, ఏత్వం ఉంటాయి. వాటికి ఎత్తు కావాలి. ‘టేబుల్ ప్రాపర్టీస్’లోని ‘రో’ ట్యాబ్‌లో వరుస ఎత్తు ‘ఎగ్జాక్ట్‌లీ’ అని ఉంటే ‘ఎట్‌లీస్ట్’కు మార్చండి. పేరాగ్రాఫ్ బాక్సులో లైన్ స్పేసింగ్ కూడా ‘ఎగ్జాక్ట్‌లీ’ ఉంటే ‘సింగిల్’ చేయండి. రెండూ చూడాలి, ఒకటి మార్చి రెండోది వదిలేస్తే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు మళ్లీ కోతకు గురవుతాయి.

ఎదురు సమస్య కూడా ఉంది. గౌతమి లాంటి ఫాంట్లు లైన్‌కూ లైన్‌కూ మధ్య బాగా ఎడం తీసుకుంటాయి. దాంతో పది పేజీల జాబితా పదిహేనవుతుంది. అప్పుడు లైన్ స్పేసింగ్ ‘మల్టిపుల్’ పెట్టి 0.9 దగ్గర మొదలుపెట్టి, వత్తులు తెగనంత వరకు తగ్గించుకోండి. ఫాంట్ సైజు తగ్గించడం కన్నా ఇదే నయం, పెద్దవాళ్లు చదవాలి కదా.

అన్నట్టు, మీ పాఠశాల పాత ఫైళ్లు ‘అను’ అనే పాతకాలపు తెలుగు ఫాంట్లలో ఉంటే సార్ట్ చేసేటప్పుడు జాగ్రత్త. మనకు తెరమీద తెలుగు కనిపిస్తున్నా లోపల ఉన్నవి వేరే కోడ్‌లు. అకారాది క్రమం అడిగితే వర్డ్ ఆ కోడ్‌ల వరుసలో పేరుస్తుంది. ముందు అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్‌లోకి మార్చుకోక తప్పదు.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి చదివింపులు వర్డ్ టేబుల్‌లో ఎక్కించాం. పద్దుల పుస్తకంలో లాగా ప్రతి పేజీ అడుగున ఆ పేజీ మొత్తం, అక్కడి వరకు అయిన మొత్తం రావాలి. ఎలా? (భీమవరం పాఠకుడు)

వర్డ్‌లో పెట్టుకోకండి. టేబుల్ మొత్తానికి కూడిక చేస్తుంది కానీ, ఈ వరుస ఏ పేజీలో పడిందో చూసి పేజీ వారీగా కూడటం దానికి చేతకాదు. ఆ కూడిక కూడా కాస్త అమాయకమైనదే. చివరి గడిలో ‘ఫార్ములా’ పెడితే పైనున్న అంకెలన్నీ కలుపుతుంది. మధ్యలో ఖాళీ గడి వస్తే అక్కడే ఆగిపోతుంది. హెడింగ్‌లో 2025 అని ఉంటే దాన్నీ కలిపేస్తుంది! అంకె మార్చాక ఆ గడిని సెలెక్ట్ చేసి ఎఫ్9 నొక్కితే తప్ప పాత మొత్తమే ఉంటుంది. చదివింపుల లెక్కలో తేడా వస్తే ఇంట్లో ఎంత టెన్షనో మీకు నేను చెప్పాలా?

టేబుల్‌ను కాపీ చేసి ఎక్సెల్‌లో పేస్ట్ చేయండి. ‘ఏ’ (A) కాలమ్‌లో క్రమ సంఖ్య, ‘బి’లో పేరు, ‘సి’లో మొత్తం ఉన్నాయనుకుందాం. డి కాలమ్‌లో అక్కడి వరకు అయిన మొత్తం రావాలి. డి2లో సి2 విలువే పెట్టి, డి3లో డి2, సి3 కూడండి. ఆ ఫార్ములాను చివరి దాకా కిందికి లాగండి. ఇ కాలమ్‌కు ‘పేజీ’ అని పేరు పెట్టి, క్రమ సంఖ్యను 30తో భాగించి పై అంకెకు సవరించే ‘రౌండప్’ ఫార్ములా వేయండి. అంటే మొదటి ముప్పై మందికి 1, తర్వాతి ముప్పై మందికి 2 పడుతుంది.

ఇప్పుడు ‘డేటా’ ట్యాబ్‌లో ‘సబ్‌టోటల్’ తెరవండి. పేజీ కాలమ్ మారినప్పుడల్లా సి కాలమ్ కూడమని చెప్పి, కిందున్న ‘పేజ్ బ్రేక్ బిట్వీన్ గ్రూప్స్’ టిక్ చేయండి. ముప్పై పేర్లకో మొత్తం, వెంటనే కొత్త పేజీ. ఆ మొత్తానికి పై వరుసలో డి కాలమ్ చూస్తే అక్కడి వరకు అయిన లెక్క ఉంటుంది. సబ్‌టోటల్ బటన్ వెలగకపోతే మీ జాబితా ‘ఫార్మాట్ యాజ్ టేబుల్’లో ఉందన్నమాట, ‘కన్వర్ట్ టు రేంజ్’ చేసుకోండి.

హెడింగ్ ప్రతి పేజీకీ రావాలంటే ‘పేజ్ లేఅవుట్’లో ‘ప్రింట్ టైటిల్స్’ నొక్కి ‘రోస్ టు రిపీట్ ఎట్ టాప్’లో మొదటి వరుస చూపించండి. ప్రింట్ ప్రివ్యూ నుంచి సెట్టింగ్స్ తెరిస్తే ఈ గడి మసకగా ఉండి మాట వినదు. షీట్‌లోకి తిరిగొచ్చి తెరవాలి.

ప్రశ్న: పీహెచ్‌డీ థీసిస్‌లో 14 కాలమ్‌ల టేబుల్ ఒకటుంది. దానికోసం పేజీని అడ్డంగా తిప్పితే థీసిస్ అంతా అడ్డం తిరిగింది. (వరంగల్ నుంచి ఓ పరిశోధకురాలు)

టేబుల్‌ను, దాని శీర్షికను కలిపి సెలెక్ట్ చేయండి. ‘లేఅవుట్’, ‘మార్జిన్స్’, ‘కస్టమ్ మార్జిన్స్’కు వెళ్లి ‘ల్యాండ్‌స్కేప్’ ఎంచుకుని, కింద ‘అప్లై టు’ దగ్గర ‘సెలెక్టెడ్ టెక్స్ట్’ అని చెప్పండి. టేబుల్‌కు ముందూ వెనకా సెక్షన్ బ్రేకులు వర్డ్ తనే వేస్తుంది. అడ్డం పేజీలో హెడర్, ఫుటర్ మార్చాలంటే ముందు ‘లింక్ టు ప్రీవియస్’ ఆపండి. ఆ సెక్షన్‌లోనే కాదు, తర్వాతి సెక్షన్‌లోనూ ఆపాలి. రెండోది మర్చిపోతే మిగతా అధ్యాయాలన్నిటి హెడర్లూ కదిలిపోతాయి. పేజీ నంబరు మళ్లీ 1 నుంచి మొదలైతే ‘కంటిన్యూ ఫ్రమ్ ప్రీవియస్ సెక్షన్’ పెట్టండి. బైండింగ్‌కు వదిలే ఎక్కువ మార్జిన్ అడ్డం పేజీలో పై అంచుకు రావాలని కూడా గుర్తుంచుకోండి.

అయినా పట్టక ఫాంట్ 6కు దించాలనిపిస్తే ఆగండి. టేబుల్‌ను రెండుగా విడగొట్టి, మొదటి కాలమ్‌ను రెండిట్లోనూ ఉంచండి. చదవలేని టేబుల్ ఎంత పద్ధతిగా ఉన్నా పరీక్షకుడికి చిరాకే.

ప్రశ్న: నా దగ్గర వర్డ్ లేదు. లిబ్రే ఆఫీస్, గూగుల్ డాక్స్ వాడతాను. వాటిలో హెడింగ్ ఎలా రిపీట్ చేయాలి? (విజయనగరం పాఠకుడు)

లిబ్రే ఆఫీస్ రైటర్‌లో ‘టేబుల్’ మెనూలో ‘ప్రాపర్టీస్’ తెరిచి ‘టెక్స్ట్ ఫ్లో’ ట్యాబ్‌కు వెళ్లండి. ‘రిపీట్ హెడింగ్’ టిక్ చేసి, ఎన్ని వరుసలో చెప్పడమే. వరుస రెండు ముక్కలు కాకుండా ఆపే టిక్ కూడా అక్కడే ఉంది. గూగుల్ డాక్స్‌లోనైతే కంప్యూటర్‌లో హెడింగ్ వరుస మీద రైట్ క్లిక్ చేసి ‘పిన్ హెడర్ రో’ ఎంచుకోండి.

ప్రశ్న: టేబుల్ సరిగ్గా పేజీ అడుగున ముగిసింది. దాని తర్వాత ఒక ఖాళీ పేజీ వచ్చి కూర్చుంది. ఎంత డిలీట్ కొట్టినా పోదు. (హైదరాబాద్ పాఠకురాలు)

పోదు. టేబుల్ తర్వాత ఒక పేరా గుర్తు ఉండి తీరాలన్నది వర్డ్ పట్టుదల. దాన్ని తీసేయలేరు కానీ కుదించవచ్చు. ఖాళీ పేజీలో కర్సర్ పెట్టి ఫాంట్ సైజు 1 అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. పేరాకు ముందూ వెనకా స్పేసింగ్ సున్నా, లైన్ స్పేసింగ్ సింగిల్ చేయండి. చాలావరకు అది పై పేజీ అడుగుకు ఎక్కేస్తుంది. అప్పటికీ ఎక్కకపోతే కింది మార్జిన్ కాస్త తగ్గించండి.