ప్రాబబిలిటీకి మొదటి పుస్తకం ఏది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: హనుమకొండలో బీఎస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ గ్రూపు. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ప్రాబబిలిటీకి గుప్తా, కపూర్‌ల పుస్తకం కొనమని సీనియర్లు, షెల్డన్ రాస్ కొనమని మా సార్ చెబుతున్నారు. నెట్‌లో వెతికితే బ్లిట్జ్‌స్టైన్, హ్వాంగ్‌ల పుస్తకం పేరు వస్తోంది. మూడూ కొనలేను. ఏది కొనాలి?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: రాస్ ఒక్కటి కొనండి. బ్లిట్జ్‌స్టైన్, హ్వాంగ్‌ల రెండో ఎడిషన్‌ను రచయితలే నెట్‌లో ఉచితంగా పెట్టారు కాబట్టి దానికి డబ్బు అక్కర్లేదు. గుప్తా, కపూర్ కాలేజీ లైబ్రరీలో దొరుకుతుంది, పరీక్షల ముందు తెచ్చుకుంటే చాలు.

ఎందుకో చెబుతాం. గుప్తా, కపూర్ పుస్తకంలో సగటులు, కోరిలేషన్ మొదలుకొని ఎస్టిమేషన్, టెస్టింగ్ వరకు డిగ్రీ స్టాటిస్టిక్స్ అంతా ఉంది. సాధించి చూపిన లెక్కలు చాలా ఉన్నాయి. యూనివర్సిటీ పేపర్లలో వచ్చే ప్రశ్నల తీరు దానికి బాగా దగ్గర. అయితే అందులో ప్రాబబిలిటీ కొన్ని అధ్యాయాలు మాత్రమే. సాధించిన లెక్కను చదివి, అర్థమైందనుకుని పక్క లెక్కకు పోయే అలవాటు ఆ పుస్తకంతో సులువుగా అబ్బుతుంది. మొదటిసారి నేర్చుకునేవాళ్లకు ఈ సబ్జెక్టులో అంతకన్నా చేటు లేదు. ఇక్కడ కష్టం సూత్రంలో ఉండదు, ఏ సూత్రం వాడాలో తేల్చుకోవడంలో ఉంటుంది. జవాబు పక్కనే కనిపిస్తుంటే ఆ తేల్చుకునే పని మీ బదులు పుస్తకమే చేసేస్తుంది.

రాస్ పుస్తకంలో ప్రతి అధ్యాయం చివర మూడు రకాల అభ్యాసాలుంటాయి: అంకెలతో లెక్కలు, రుజువులు అడిగేవి, సెల్ఫ్ టెస్ట్ లెక్కలు. సెల్ఫ్ టెస్ట్ లెక్కలకు పూర్తి సాధనలు పుస్తకం వెనక ఉన్నాయి. ఒంటరిగా చదువుకునేవాళ్లకు ఈ ఏర్పాటు ఎంతో మేలు. బ్లిట్జ్‌స్టైన్, హ్వాంగ్‌లది మరో దారి. ఒక్కో డిస్ట్రిబ్యూషన్ ఎలాంటి పరిస్థితిలో పుడుతుందో ముందు చెప్పి, సూత్రాన్ని తరవాత రాస్తారు. హార్వర్డ్‌లో ఆ కోర్సుకు చెప్పిన 34 పాఠాల వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి. బైనామియల్, హైపర్‌జామెట్రిక్ రెండూ కలగాపులగం అవుతుంటే వాళ్ల మూడో అధ్యాయం చదవండి. తీసిన వస్తువును తిరిగి వేస్తే బైనామియల్, వేయకపోతే హైపర్‌జామెట్రిక్ అన్న తేడా అక్కడ తేటగా పట్టుబడుతుంది.

ఏ పుస్తకమైనా కొనేముందు కండిషనల్ ప్రాబబిలిటీ (ఒక ఘటన జరిగిందని తెలిశాక మరో ఘటనకు ఉండే సంభావ్యత) అధ్యాయం తీసి, పెన్సిలు పట్టి ఒక గంట కూర్చోండి. పుస్తకం మీకు సరిపడుతుందో లేదో అక్కడే తేలుతుంది. ఈ లెక్క చూడండి. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిన మిర్చి బస్తాల్లో నూటికి 2 తడిసినవి అనుకుందాం. తడిసిన బస్తాను తేమ మీటరు నూటికి 95 సార్లు పట్టేస్తుంది. పొడి బస్తాను కూడా నూటికి 5 సార్లు తడిసిందని తప్పుగా చూపుతుంది. మీటరు ఒక బస్తాను తడిసిందంటే, అది నిజంగా తడిసిన బస్తా అయ్యే సంభావ్యత ఎంత? చాలామంది తడుముకోకుండా 95 శాతం అంటారు. వెయ్యి బస్తాలు తీసుకోండి. తడిసినవి 20, వాటిలో మీటరు పట్టేవి 19. పొడివి 980, వాటిలో తప్పుగా చూపేవి 49. మీటరు తడి అన్నవి మొత్తం 68, నిజంగా తడిసినవి 19. అంటే దాదాపు 28 శాతమే. బేయిస్ సూత్రాన్ని రాసి అంకెలు వేసి వదిలేసే పుస్తకం మీకు చాలదు. 95 ఎందుకు 28కి పడిపోయిందో, పొడి బస్తాలు అంత ఎక్కువగా ఉండటం వల్ల ఏం జరిగిందో వివరించేది కావాలి. రాస్ పుస్తకం, బ్లిట్జ్‌స్టైన్, హ్వాంగ్‌ల పుస్తకం రెండూ ఈ పని బాగా చేస్తాయి.

రాస్‌తో ఒక చిక్కుంది. మొదటి అధ్యాయమంతా పర్ముటేషన్లు, కాంబినేషన్లు. అన్ని లెక్కలూ చేశాకే ముందుకు కదలాలని పట్టుబట్టి, నెల తిరక్కుండానే పుస్తకం మూసేసేవాళ్లు ఎక్కువ. ఇంటర్ రెండో ఏడాది మ్యాథ్స్ 2ఎ పేపర్లో మీరు ఇవి చేసే వచ్చారు. పది, పన్నెండు లెక్కలు చేసి రెండో అధ్యాయానికి వెళ్లండి. మూడో అధ్యాయమైన కండిషనల్ ప్రాబబిలిటీకి మాత్రం మూడు వారాలు పెట్టి, కనీసం 30 లెక్కలు చేయండి. మొదటి అధ్యాయంలో మిగిలినవి సెమిస్టర్ సెలవుల్లో చూసుకోవచ్చు.

తెలుగు మీడియం అని దిగులు పడకండి. తెలుగు అకాడమీ 2ఎ పుస్తకంలోని సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశుల అధ్యాయాలను ఒక వారం మళ్లీ చేసి, ఆ తరవాత రాస్ తెరవండి. లెక్క చదివేటప్పుడు ఇప్పటికే జరిగిందని తెలిసిన ఘటన కింద ఒక గీత, అడిగిన ఘటన కింద రెండు గీతలు గీయండి. బి తెలిసి ఏ అడిగితే, ఏ తెలిసి బి కట్టేయడమే ఈ అధ్యాయంలో జరిగే అతి పెద్ద పొరపాటు. గీతలు గీస్తే అది చాలావరకు ఆగుతుంది.

ప్రశ్న: కాజీపేట నుంచి రాస్తున్నాను. బీటెక్ రెండో ఏడాది. డిస్క్రీట్ లెక్కలు వస్తున్నాయి కానీ జాయింట్ డెన్సిటీ (రెండు చలరాశులకు కలిపి ఇచ్చే డెన్సిటీ) వచ్చేసరికి అన్నీ తప్పుతున్నాయి. ఇంజినీరింగ్ వాళ్లకు తగ్గ పుస్తకం చెప్పగలరా?

జవాబు: బెర్ట్‌సెకాస్, సిట్సిక్లిస్‌లు ఎంఐటీలో చెప్పిన కోర్సు కోసం రాసిన పుస్తకం మీకు సరిగ్గా సరిపోతుంది. రెండో ఎడిషన్ 2008లో వచ్చింది. మొదటి అధ్యాయంలోనే కండిషనల్ ప్రాబబిలిటీ వస్తుంది, లెక్కింపు పద్ధతులు ఆ అధ్యాయం చివరికి జరుగుతాయి. పాయిజాన్ ప్రాసెస్, మార్కోవ్ చైన్లు కూడా ఉన్నాయి కాబట్టి నెట్‌వర్క్స్, కమ్యూనికేషన్స్ చదివేటప్పుడు మళ్లీ పనికొస్తుంది. కోర్సు వీడియోలు ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో ఉచితం.

అయితే మీ తప్పులు పుస్తకం వల్ల వస్తున్నవి కాకపోవచ్చు. జాయింట్ డెన్సిటీలో తప్పేది ప్రాబబిలిటీ కాదు, ఇంటిగ్రేషన్ హద్దులు. ఈ లెక్క చేసి చూడండి: 0 < ఎక్స్ < వై < 1 ఉన్న చోట డెన్సిటీ 8 ఎక్స్ వై, మిగతా చోట సున్నా. ఎక్స్, వై స్వతంత్రమా? డెన్సిటీని ఎక్స్ భాగం, వై భాగంగా విడగొట్టవచ్చని చూసి అవునని రాస్తారు చాలామంది. కావు. డెన్సిటీ ఉన్నది త్రిభుజంలో. ఎక్స్ విలువ 0.9 అని తెలిస్తే వై 0.9కి, 1కి మధ్యే ఉండాలి. ఒకటి తెలిస్తే రెండోదాని గురించి సమాచారం దొరుకుతోంది, ఇక స్వతంత్రం ఎక్కడిది? మార్జినల్స్, అంటే ఒక్కో చలరాశికి విడిగా వచ్చే డెన్సిటీలు, లెక్కకడితే ఎక్స్‌కు 4ఎక్స్(1 – ఎక్స్ స్క్వేర్), వైకి 4వై క్యూబ్ వస్తాయి. వాటిని గుణిస్తే 8 ఎక్స్ వై రాదు.

కాబట్టి ప్రతి లెక్కకూ ముందు ప్రాంతం బొమ్మ గీయండి. ఎక్స్ మార్జినల్ కావాలంటే ఒక ఎక్స్ దగ్గర నిలువు గీత గీసి, ఆ గీత త్రిభుజంలోకి ఎక్కడ ప్రవేశించి ఎక్కడ బయటికి వస్తుందో రాయండి. ఆ రెండే వైకి హద్దులు. పై లెక్కలో అవి ఎక్స్, 1. సున్నా, 1 అని రాశారంటే బొమ్మ చూడకుండా రాశారన్న మాటే. డెన్సిటీ మొత్తం ఇంటిగ్రేట్ చేసి 1 వస్తోందో లేదో చూడటానికి రెండు నిమిషాలు చాలు, అది మానొద్దు. ఇలాంటివి 20 చేశాకే పుస్తకం మార్చాలా వద్దా అని ఆలోచించండి. పపౌలిస్ పుస్తకం ర్యాండమ్ సిగ్నల్స్ పేపర్ వచ్చినప్పుడు చూడవచ్చు, ఇప్పుడే అవసరం లేదు.

ప్రశ్న: అయ్యా, మాది జమ్మికుంట. మా బిడ్డ డిగ్రీ రెండో ఏడాది. ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్‌ల స్టాటిస్టిక్స్ పేపరు రాస్తనంటున్నది. కొత్త పుస్తకాల ధరలు చూస్తే గుండె గుభేలుమంటున్నది. పాతవి కొంటే పనికొస్తయా?

జవాబు: నిశ్చింతగా కొనండి. ఈ సబ్జెక్టులో మొదటి కోర్సు సరుకు దశాబ్దాలుగా మారలేదు. రాస్ మొదటి ఎడిషన్ 1976 నాటిది. ఇటీవలి ఎడిషన్లలో మొదటి ఎనిమిది అధ్యాయాల వరస ఒకటే. లెక్కల నంబర్లు మాత్రం మారుతుంటాయి. సార్ నంబరు చెప్పి లెక్క చేయమంటే, స్నేహితురాలి పుస్తకంలో ప్రశ్న చూసి పోల్చుకోమనండి. పాత పుస్తకం కొనేటప్పుడు వెనకనున్న జవాబుల పేజీలు, నార్మల్ టేబుల్ చిరిగిపోకుండా ఉన్నాయో లేదో చూసి తీసుకోండి.

రెండు మూడు పుస్తకాలు కలిపి చదివితే ఒక ప్రమాదముంది, అమ్మాయికి ముందే చెప్పండి. ఒక్కో పుస్తకం ఒక్కో పద్ధతి పాటిస్తుంది. నార్మల్ టేబుల్‌లో 1.96 ఎదురుగా ఒక పుస్తకంలో 0.4750 ఉంటుంది, ఇంకో పుస్తకంలో 0.9750. మొదటిది సున్నా నుంచి కొలిచిన వైశాల్యం, రెండోది ఎడమ చివర నుంచి మొత్తం. జామెట్రిక్ డిస్ట్రిబ్యూషన్‌ను కొందరు మొదటి విజయం దాకా వేసిన సార్లుగా, మరికొందరు అంతకుముందు వచ్చిన ఓటములుగా లెక్కిస్తారు. పాచిక మీద ఆరు పడటానికి మొదటి పద్ధతిలో సగటు 6, రెండో పద్ధతిలో 5. ఎక్స్‌పొనెన్షియల్‌లో ఇచ్చిన అంకె ఒకచోట రేటు, ఇంకోచోట సగటు. నార్మల్‌కు రెండో అంకెగా కొందరు వేరియన్స్ రాస్తారు, కొందరు స్టాండర్డ్ డీవియేషన్. జామ్‌లో జవాబును అంకెగా టైపు చేయాల్సిన ప్రశ్నలుంటాయి. అక్కడ ఆప్షన్లు చూసి సర్దుకునే వీలుండదు. నోట్‌బుక్ మొదటి పేజీలో ఈ నాలుగింటినీ ఏ పుస్తకం ఏ పద్ధతిలో రాసిందో పట్టిక వేసుకోమనండి.

నార్మల్ అప్రాక్సిమేషన్‌లో (బైనామియల్ సంభావ్యతను నార్మల్ టేబుల్‌తో అంచనా కట్టడంలో) అర కలపడం, తీయడం గురించి ఉదాహరణతో చెప్పే పుస్తకమా కాదా అన్నది కూడా చూడమనండి. నాణెం 100 సార్లు వేస్తే బొమ్మ 60 లేదా అంతకన్నా ఎక్కువసార్లు పడే అసలు సంభావ్యత 0.0284. 60తో నేరుగా కడితే 0.0228 వస్తుంది. 59.5తో కడితే 0.0287. తేడా చిన్నదేమీ కాదు.

ఇంకో మాట. రాస్‌లో ఎస్టిమేషన్, టెస్టింగ్ లేవు, జామ్‌కు అవి కావాలి. రాస్ ఎనిమిది అధ్యాయాలు పూర్తయ్యాక హాగ్, మెక్‌కీన్, క్రెయిగ్ పుస్తకం లేదా రోహత్గీ, సాలెహ్ పుస్తకం, రెండింటిలో పాతది ఏది దొరికితే అది తీసుకోండి. రెండూ అక్కర్లేదు.

ప్రశ్న: మంచిర్యాలలో డిగ్రీ విద్యార్థులకు పాఠం చెబుతాను. సగం మందికి ఇంటిగ్రేషన్ బలహీనం. కంప్యూటర్ ల్యాబ్ ఉంది. ఏ పుస్తకం పెట్టుకుని చెప్పమంటారు?

జవాబు: గ్రిన్‌స్టెడ్, స్నెల్‌ల పుస్తకం. నెట్‌లో ఉచితం, పిల్లలకు ప్రింటు తీసి ఇవ్వవచ్చు. మొదటి అధ్యాయం నుంచే కంప్యూటర్‌తో ప్రయోగాలు చేయిస్తుంది. అందులో కండిషనల్ ప్రాబబిలిటీ నాలుగో అధ్యాయంలో గానీ రాదు. మీరు మొదటి అధ్యాయం అయ్యాక, మూడో అధ్యాయంలోంచి కావలసినంత లెక్కింపు తీసుకుని, నేరుగా నాలుగులోని డిస్క్రీట్ భాగానికి వెళ్లండి. కంటిన్యువస్ డెన్సిటీల రెండో అధ్యాయాన్ని ఇంటిగ్రేషన్ పునశ్చరణతో కలిపి తరవాత చెప్పండి. ల్యాబ్‌లో ఆర్ (R) అనే సాఫ్ట్‌వేర్ వాడితే ఖర్చు లేదు. ఏ ప్రయోగమైనా పిల్లలు ముందు కాగితం మీద జవాబు రాసి ఇచ్చాకే కంప్యూటర్ ముట్టుకోనివ్వండి. 10,000 సార్లు నడిపిన ప్రయోగంలో నిష్పత్తి రెండో దశాంశ స్థానంలో అటూ ఇటూ కావచ్చు. అందుకని ప్రయోగంలో వచ్చిన అంకెనే జవాబుగా రాయనివ్వకండి.

ప్రశ్న: కరీంనగర్‌లో ఎమ్మెస్సీలో చేరబోతున్నాను. ఫెల్లర్ రాసిన ప్రాబబిలిటీ పుస్తకంతో మొదలుపెట్టమని ఒకరు సలహా ఇచ్చారు. మంచిదేనా?

జవాబు: గొప్ప పుస్తకం, కానీ మొదటి పుస్తకం కాదు. మొదటి సంపుటం 1950లో వచ్చింది, ఇప్పుడు దొరికేది 1968 నాటి మూడో ఎడిషన్. అందులో డిస్క్రీట్ ప్రాబబిలిటీ తప్ప డెన్సిటీలు దాదాపు లేవు. మీ సిలబస్‌లో సగం దానితో తీరదు. రాస్ లేదా బ్లిట్జ్‌స్టైన్ ఒకసారి పూర్తి చేసి, ఆ తరవాత ఫెల్లర్ మూడో అధ్యాయం చదవండి. ఇద్దరు నాణెం వేసి ఆడుతుంటే చెరి సగం సేపు ముందుంటారని మనకు అనిపిస్తుంది. లెక్క చేస్తే అన్నిటికన్నా తక్కువ సంభావ్యత ఉన్నది దానికే. ఎక్కువగా జరిగేది ఆటంతా ఒకరే ముందుండటం. ఆ అధ్యాయంలో దీన్ని బొమ్మలతో, లెక్కింపుతోనే రుజువు చేశారు, కాలిక్యులస్ పెద్దగా తెలియాల్సిన పని లేదు. రెండో సంపుటం జోలికి మాత్రం రియల్ అనాలిసిస్, మెజర్ థియరీ చదివేదాకా వెళ్లకండి.