మోడల్ ట్యాంకు మీద వాష్ వేస్తే మరకలు ఎందుకు పడతాయి? ఇప్పుడు వాటిని తీయొచ్చా?

మీరు 1/35 (అసలు దానిలో 35వ వంతు) సైజు టీ-55 ట్యాంకుకి ఆలివ్ గ్రీన్ మ్యాట్ (మెరుపు లేని) అక్రిలిక్ వేసి, దాని మీద నేరుగా నల్ల ఎనామెల్ వాష్‌ని, అంటే గీతల్లోకి నీడలా దిగేలా టర్పెంటైన్‌తో కరిగే రంగుని బాగా పల్చగా కలిపినదాన్ని, పెద్ద బ్రష్‌తో బండంతా పూశానన్నారు. ఆరాక టరెట్ పైన గుండ్రటి మరకలు తేలి మొత్తం మసిబారింది, ఇప్పుడు రంగంతా గీకెయ్యాలా అని అడిగారు. గీకక్కర్లేదు. నా మొదటి ట్యాంకుకీ సరిగ్గా ఇలాగే అయింది, దాన్ని నిలబెట్టుకున్నాను, ఇప్పటికీ అలమరలో ఉంది.

ముందు ఈ రాత్రే చేయాల్సింది చెప్తాను, ఎందుకంటే వాష్ ఎంత పాతబడితే అంత మొండికేస్తుంది. ఇయర్‌బడ్‌ని మినరల్ టర్పెంటైన్‌లో ముంచి, టిష్యూ మీద ఒత్తేసి, చెమ్మ మాత్రమే మిగిలాక మరక మీద పైనుంచి కిందికి లాగండి. రుద్దొద్దు. రెండు మూడు సార్లు లాగగానే బడ్ మార్చేయండి, లేకపోతే తీసిన మసినే మళ్లీ పూస్తున్నట్టు. మ్యాట్ రంగులోకి ఇంకిపోయినది కొంత ఉండిపోతుంది, దానికి కంగారు పడకండి. టర్పెంటైన్ పూర్తిగా ఆరిపోయాక, మీరు వాడిన ఆకుపచ్చనే బాగా పల్చగా కలిపి పలకల మధ్యలో మాత్రం ఒక పొర కొట్టండి, అంచుల్లో ఉన్న ముదురు రంగు అలాగే వదిలేయండి. చాలామంది కావాలని తెచ్చుకునే షేడింగ్ అదే.

ఇక ఎందుకిలా అయిందంటే, మ్యాట్ రంగు సున్నం వేసిన గోడ లాంటిది, మీద ఏం పడినా అక్కడికక్కడే పీల్చేస్తుంది. గ్లాస్ కోటు, అంటే మెరిసే పారదర్శక వార్నిష్ వేసిన రంగు టైల్స్ నేల లాంటిది. నేల మీద నీళ్లు ఒలికితే టైల్స్ మధ్య గీతలు పట్టుకుని ఎలా పారతాయో చూసే ఉంటారు, వాష్ కూడా పలకల గీతల్లో, రివెట్ల చుట్టూ అలాగే పారాలి. అందుకే వాష్‌కి ముందు గ్లాస్ కోటు తప్పనిసరి. నేను టామియా ఎక్స్-22 క్లియర్ వాడతాను, అది అక్రిలిక్ కాబట్టి టర్పెంటైన్‌కి లొంగదు. అదే మీరు బేస్ రంగుగానో గ్లాస్‌గానో ఎనామెల్ వేసి దాని మీద ఎనామెల్ వాష్ వేస్తే, తుడిచేటప్పుడు కింది రంగు కూడా లేచొస్తుంది. గ్లాస్ వేశాక ఒక రోజంతా ఆరనివ్వండి. నాది వైజాగ్, వానాకాలంలో రెండు రోజులు ఆగుతాను, తేమ బాగా ఉన్న రోజు స్ప్రే డబ్బాతో కొడితే వార్నిష్ మీద తెల్లటి పొగలా పట్టేస్తుంది.

వాష్ ఖరీదైనదే కొనాలని లేదు. క్యామెల్ ఆర్టిస్ట్ ఆయిల్ కలర్‌లో బర్న్ట్ అంబర్ (ముదురు బ్రౌన్) ట్యూబు ఒకటి చాలు. శనగగింజంత రంగు అట్టముక్క మీద పిండి ఓ గంట వదిలేస్తే నూనెని అట్ట పీల్చుకుంటుంది, అప్పుడు ఒక వంతు రంగుకి తొమ్మిది పది వంతులు టర్పెంటైన్ కలపండి, పాలు పొయ్యని డికాషన్‌లా ఉండాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. హార్డ్‌వేర్ షాపులో ఉత్త "థిన్నర్" అని అడిగితే ఎన్.సి. థిన్నర్ (లక్కర్ రంగులకి వాడే ఘాటైన థిన్నర్) చేతిలో పెడతారు. నేను అలా తెచ్చుకునే ఒక జీపు బానెట్ పాడుచేసుకున్నాను, రంగు పాల మీద మీగడలా ముడతలు పడిపోయింది. మినరల్ టర్పెంటైన్ అని పేరు పెట్టి అడగండి, సీసా మీద చదివి తీసుకోండి, పని చేసేటప్పుడు కిటికీ తెరిచి ఉంచండి.

నలుపా బ్రౌనా అన్నారు. ఆకుపచ్చ బండికి నలుపు వద్దు, ముదురు బ్రౌన్ వేయండి. నలుపు వేస్తే పెన్నుతో గీత గీసినట్టు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బూడిదరంగు బండికైతే నలుపు సరిపోతుంది, ఇసుకరంగుకి మధ్యరకం బ్రౌన్, తెల్లదానికి బూడిదరంగు. అసలు ఇదంతా ఎందుకు చేస్తున్నామో మనసులో ఉంటే రంగు ఎంచుకోవడం తేలికవుతుంది. నిజం ట్యాంకు మీద బోల్టు కింద నీడ పడుతుంది, 35 రెట్లు చిన్నదైన బోల్టు కింద అంత నీడ కనిపించదు, ఆ నీడని మనం రంగుతో పెడుతున్నాం. వీలైతే లారీలు ఆగే చోటుకి వెళ్లి ఒక పాత లారీ పక్కన పది నిమిషాలు నిలబడి చూడండి. మురికి పలక మధ్యలో ఉండదు, బందుల దగ్గర, రివెట్ల కింద, అతుకుల్లో ఉంటుంది.

బండంతా పూయడం మానేసి పిన్ వాష్ చేయండి. సున్నా నంబరు బ్రష్‌ని వాష్‌లో ముంచి, సీసా మూతికి ఒకసారి తుడిచి, కొనని గీత మొదట్లో ఊరికే తాకించండి. గీత దానంతటదే లాక్కుంటుంది. టీ-55 డ్రైవర్ హ్యాచ్ అంచుకి ఒక చోట తాకిస్తే చాలు, రంగు హ్యాచ్ చుట్టూ పాకడం కళ్లముందే కనిపిస్తుంది, నాకు ఈ హాబీ మొత్తంలో అదే అన్నిటికన్నా ఇష్టం. పదిహేను ఇరవై నిమిషాలు ఆగి, టర్పెంటైన్‌తో తడిపి టిష్యూకి అద్దిన చదును బ్రష్‌తో బయటికి వచ్చినదాన్ని సరిచేయండి. నిలువు పలకల మీద పైనుంచి కిందికే లాగండి, వాన కడిగినట్టు ఉంటుంది. టరెట్ కప్పు లాంటి చోట ముందే ఉత్త టర్పెంటైన్‌తో కొద్దిగా తడిపి ఆ తడి మీద వాష్ వేస్తే గుండ్రటి మరకలు పడవు.

ఇంకొకటి, దీని వల్ల నేను బాగా నష్టపోయాను. అడుగు భాగం ఎవరికీ కనపడదు కదా అని రంగు వేయకుండా వదిలేసి, ఎనామెల్ థిన్నర్‌తో కలిపిన వాష్‌ని చక్రాల వెనక ధారాళంగా పోశాను. పొద్దున లేచి చూస్తే ముందున్న ఐడ్లర్ చక్రం (ట్రాక్‌ని బిగువుగా పట్టి ఉంచేది) ఊడి ట్రాక్‌కి వేలాడుతోంది, ఇరుసు మొదట్లో బిస్కట్‌లా పుటుక్కున విరిగిపోయింది. వినైల్ ట్రాక్ బిగువుగా లాగుతూనే ఉంటుంది, అలా ఒత్తిడిలో ఉన్న వట్టి ప్లాస్టిక్‌లోకి థిన్నర్ దిగితే పగుళ్లిస్తుంది. సన్నటి ఇత్తడి తీగ గుచ్చి అతికించడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. కాబట్టి అడుగున కూడా ప్రైమరూ రంగూ వేయండి, ఇరుసుల దగ్గర వాష్ చుక్కలుగానే పెట్టండి, వీలైతే ట్రాక్‌లు ఎక్కించకముందే ఆ పని ముగించండి.

ఆయిల్ వాష్ అయితే రెండు మూడు రోజులు ఆరనిచ్చి అప్పుడు మ్యాట్ వార్నిష్ కొట్టండి. మరకలు తీశాక ఒక ఫొటో పెట్టండి, పలకల మధ్యలో ఆకుపచ్చ ఎంత పల్చగా కొట్టాలో చూసి చెప్తాను.